ముందు చక్రానికి అడ్డం పెట్టిన సామాన్లు

స్టోర్ కీపర్ పనిలో కొత్తగా చేరే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. తమిళనాడు ధర్మపురిలో కూర్చుని తెలుగులో రాస్తే ఎవడు చదువుతాడని మా ఇంట్లో ఒకటే నవ్వు. మేము తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడతాం, గడప దాటితే తమిళం. నా కొడుక్కి తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. మా నాయన చెవి మెలిపెట్టి నేర్పించాడు కాబట్టి నాకు వచ్చింది. చదివేవాళ్ళు ఎక్కడో ఒకచోట ఉంటారులే. లేకపోతే పోనీ, చెప్పాలనుకున్నది కడుపులో పెట్టుకుని కూర్చునే రకం కాదు నేను.

బస్సు డిపోలో స్టోర్ చూశాను, రిటైరయ్యేదాకా అదే పని. ప్రమోషన్లు, ఆడిట్లు, సంతకాల గొడవలు రాయను. ఆ తలనొప్పులు మీకు ఎలాగూ తప్పవు. సామాన్లు సర్దడమనే పని లోపల ఏముంటుందో మాత్రం చెబుతాను. అదీ ఒక పనేనా అని మొహం మీదే అన్నవాళ్ళున్నారు. అలాంటివాళ్ళను ఒక్క పూట నా స్టోర్లో నిలబెట్టి, బయట బస్సు ఆగి ఉందిరా, ఫలానా బేరింగు తీసుకురా అంటే తెలిసేది.

కళ్ళతో సర్దడం

నాకు పని నేర్పింది రంగసామి సారు, మా స్టోర్ సూపరింటెండెంటు. మనిషి మంచివాడు, నోరు చెడ్డది. నేను చేరిన కొత్తలో ఒక గుట్టను చూడగానే చొక్కా చేతులు మడుచుకుని దూకబోయాను. వెనకనుంచి అరిచాడు.

"ఏందిరా, చేతులు దురద పెడతా ఉండాయా? నిలబడు. ముందు కళ్ళతో సర్దు."

ఆ మాట అప్పుడు నాకు చిర్రెత్తించింది. తర్వాత ఉద్యోగమంతా దాని మీదే నడిచింది. గుట్టను కదిలించే ముందు ఊరికే నిలబడి చూడాలి. మనిషి పనికిరానిదాన్ని మూలకు తోస్తాడు. రోజూ కావాల్సినదాన్ని వాకిలి దగ్గర వదిలేస్తాడు. తను నడిచే దారిని, ఎంత బద్ధకస్తుడైనా సరే, కాలు పట్టేంత ఖాళీ ఉంచుకుంటాడు. ఈ మూడూ ఎక్కడ తప్పాయో అక్కడ ఎవరో ఏదో కావాలని చేశారని అర్థం. దొంగతనాలు కూడా నేను ఇట్లాగే పట్టుకున్నాను. అవి ఇప్పుడు చెప్పను, ఆ మనుషుల పిల్లలు ఈ ఊళ్ళోనే ఉన్నారు.

వైరు చుట్టిన స్టీరింగు

రంగసామి సారు తప్పు చేయలేదని కాదు. ఒకటి చెబుతాను.

ప్రమాదంలో నుజ్జయిన బస్సులు డిపోకు వస్తాయి. వాటిలో బాగున్న సామాన్లు విప్పి స్టోర్లో పెడతాం, వేరే బస్సులకు వాడతాం. మనుషులు పోయిన బండిలోని సామానంటే డ్రైవర్లకు పడదు. "ఇది ఏ బండిదన్నా?" అని అడిగి మరీ తీసుకుంటారు. కొందరు దానికి నిమ్మకాయ కోసి, కుంకుమ పెట్టి గాని చేయి వేయరు. రంగసామి సారుకు ఇదంతా ఒళ్ళుమంట. బండి నంబర్లు గీకేసి, ఆ సామాన్లన్నీ మామూలువాటిలో కలిపేశాడు. "ఇనుముకు ఏం తెలుస్తుందిరా?" అన్నాడు.

ఒక రోజు పొద్దున్నే ఒక డ్రైవరు, పెరుమాళ్ అని నెమ్మదైన మనిషి, కొత్తగా స్టీరింగు మార్చిన బస్సెక్కాడు. ఎక్కినవాడు ఎక్కినట్టే దిగి వచ్చి స్టోర్ కిటికీ దగ్గర నిలబడ్డాడు. మొహంలో రక్తం లేదు.

"సార్, ఆ స్టీరింగు మీద చుట్టిండే పచ్చ వైరు చెల్లప్పన్నది. ఆయన ముడి నాకు తెలుసు. పక్క సీట్లో కూర్చోని చూసినాను నేను, ఆయన చుట్టేటప్పుడు."

చెల్లప్ప ఆ ముందటి ఏడాది తొప్పూరు కనుమలో బస్సుతో పాటు పోయిన డ్రైవరు.

"అయితే ఏమిరా? వైరు విప్పేసి తోలు" అని సారు అరిచాడు.

పెరుమాళ్ గొంతు పెంచలేదు. "ఆయన ఇంకా పట్టుకోనే ఉండాడు సార్. నేను యాడ పట్టుకునేది?"

సారు కాసేపు తిట్టాడు. తిట్టి తిట్టి, తనే స్పానరు తీసుకుని పోయి ఆ స్టీరింగు విప్పుకొచ్చాడు. విప్పేటప్పుడు మధ్యలో ఆగి రెండు చేతులూ ప్యాంటుకు తుడుచుకోవడం నేను కిటికీలోంచి చూశాను. ఆ తర్వాత దాన్ని ఎవరికీ ఇవ్వలేదు.

నా తీర్పు ఇది. పాత సామాను వాడటం తప్పు కాదు. అది ఎక్కడిదో దాచడం తప్పు. స్టోర్ చూసేవాడు సామాను పేరు తెలుసుకుంటే సరిపోదు, దానికి ఎవరు భయపడుతున్నారో కూడా తెలుసుకోవాలి. ఇదే పెద్ద పాఠమని నేను చాలాకాలం అనుకున్నాను. అది సగమేనని ధర్మపురి పక్కన ఇండూరు పల్లెలో చెంగమ్మ అనే ఆమె చెబితే తెలిసింది.

ఇండూరు షెడ్డు

రిటైరైతే జనం వదులుతారా? "మామా, మా షెడ్డు కొంచం సర్దిపెట్టు" అని ఒకరి తర్వాత ఒకరు. పాలకోడు టమాటా మండీవాళ్ళు, రైతులు, బైకు మెకానిక్కులు. బైకు పెట్టుకునే షెడ్డుకు పెద్ద శాస్త్రమేమీ లేదు. బండి ముక్కు వాకిలి వైపు ఉండాలి, ఒక్క లాగులో బయటికి రావాలి. బరువైనవి కింద, చేతి ఎత్తులో పానాలు, చిన్న నట్లు మూత ఉన్న డబ్బాల్లో. నేల మీద ఏదీ ఉండకూడదు. నేల మీద సామాను చూస్తే నాకు ఇప్పటికీ బీపీ పెరుగుతుంది.

చెంగమ్మ మాకు దూరపు చుట్టం. నన్ను అన్నా అంటుంది. భర్త ఎప్పుడో పోయాడు. కొడుకు గోపి ఇండూరులో ఇంటి పక్కనే రేకుల షెడ్డు వేసుకుని బైకులు బాగుచేసేవాడు. కూతురు దేవి అన్న పక్కన కూర్చునే పని నేర్చింది, తర్వాత ధర్మపురిలో ఒక షోరూములో సర్వీసు పనికి చేరింది. కిందటి ఏడాది గోపి తన బైకు మీదే పాలకోడు రోడ్డు మలుపులో పడి చనిపోయాడు. అప్పటినుంచి షెడ్డు మూత పడింది.

దేవి నాకు ఫోన్ చేసింది. "మామా, షోరూము పని వదిలేసినాను. ఆవణి నెలలో అన్న షెడ్డు తెరుస్తాను, నా పేరు మీద. ఉండే సామాన్లు చూస్తే నాకు దిక్కు తెలియడంలే. నువ్వు రా. ఇది కుదరకపోతే హోసూరులో కంపెనీ పని ఉండాది, అక్కడికి పోయేస్తాను."

హోసూరు మాట గబగబా చెప్పేసి ఆ పిల్ల ఫోన్ పెట్టేసింది. పోవాలని లేదు దానికి.

వెళ్ళాను. దేవి తాళం తీసింది. వాకిలి దగ్గరే ఆగి, అలవాటు ప్రకారం కళ్ళతో సర్దడం మొదలుపెట్టాను. సర్దబోతే నా కళ్ళే మొరాయించాయి.

షెడ్డులో మూలలు ఖాళీగా ఉన్నాయి. గోడల వెంబడి ఖాళీ. సామానంతా నట్టనడుమ, గోపి బైకు ముందు చక్రానికి ఎదురుగా గుట్టపోసి ఉంది. గడ్డకట్టిన సిమెంటు మూటలు, విరిగిన ఇనప మంచం, తుప్పు పట్టిన కుట్టుమిషను, గోపి పానాల పెట్టె, దేవి పాత సైకిలు. అన్నిటికన్నా ముందు, సరిగ్గా చక్రానికి ఆనించి, రుబ్బురోలు. పక్కన టమాటా క్రేట్లు. ఒక క్రేటు మీది గోనె తీసి చూశాను. అందులో రాళ్ళున్నాయి. రాళ్ళను భద్రంగా దాచుకునేవాళ్ళను నా ఉద్యోగంలో ఎక్కడా చూడలేదు.

"ఎవరు పెట్టారమ్మా ఇవన్నీ?"

"తెలీదు మామా. ఊరికే వేసినట్లుండారు."

ఊరికే వేసింది కాదు.

ఇంకొకటి. షెడ్డంతా దుమ్ము, వేలు పెడితే గీత పడేంత. బైకు ట్యాంకు మీద దుమ్ము, హ్యాండిల్ మీద దుమ్ము. సీటు మీద మాత్రం లేదు. సీటు నల్లగా నిగనిగలాడుతోంది. పైన రేకులు ఎండకు టిక్కుటిక్కుమంటున్నాయి. పని మొదలుపెట్టిన కాసేపటికి నన్ను నేనే గమనించుకున్నాను. బైకు పక్కనుంచి పోయినప్పుడల్లా ఒళ్ళు ఒదిగించుకుని పోతున్నాను, ఎవరిదో మోకాలు తగులుతుందేమో అన్నట్టు. అక్కడ చోటు బోలెడుంది. దేవిని చూశాను. అదీ అట్లాగే ఒదిగి పోతోంది.

సాయంత్రానికి గుట్ట విప్పేశాం. రుబ్బురోలును ఇద్దరం దొర్లించి వెనక మూలకు చేర్చాం. రాళ్ళ క్రేట్లు అక్కడే పేర్చాం. గోడకు పలక కొట్టి పానాలు వరసగా తగిలించాం. చూస్తే కడుపు నిండింది. నా సొంత తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని ధర్మపురి బస్సెక్కాను.

మళ్ళీ అక్కడికే

పొద్దున వచ్చి తలుపు తీస్తే రుబ్బురోలు ముందు చక్రం దగ్గరుంది.

రాళ్ళ క్రేట్లు కూడా. గోడ మీది పానాలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, ఒక్కటీ కదల్లేదు. వెనక మూల ఖాళీ. తాళం నాది, చెవి నా జేబులో. అబద్ధం చెప్పను, ఆ నిమిషంలో పెరుమాళ్ మొహం కళ్ళ ముందు మెదిలింది.

దేవి గోడను పట్టుకుని నిలబడిపోయింది. "మామా, నేను కాదు. అన్న మీద ఆన."

"నువ్వని ఎవరన్నారే? పట్టు, మళ్ళీ దొర్లిద్దాం" అని కసిరాను. భయమేస్తే నాకు కోపం వస్తుంది, అది నా తీరు.

మళ్ళీ దొర్లించాం. ఆ మర్నాడు మళ్ళీ చక్రం దగ్గరే ఉంది. ఈసారి సైకిలు కూడా వచ్చి బైకుకు అడ్డంగా పడుకుని ఉంది. సీటు మాత్రం అట్లాగే నిగనిగలాడుతోంది.

ఇక లాభం లేదని దేవిని బయటికి పిలిచి చెప్పాను. "ఇదిగో చూడు. ఈ బండి అంటే ఈ ఇంట్లో ఎవరికో భయముంది. మనుషులు భయపడే సామాన్లను స్టోర్లో ఉంచకూడదు. పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేయ్. బండి పోతే భయం పోతుంది, షెడ్డు నీదవుతుంది."

ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు తెచ్చుకుంది. "అన్న బండి మామా అది. దాని మీదే నాకు క్లచ్చు నేర్పించినాడు."

"తెలుసమ్మా. హోసూరు పోతావా మరి?"

చివరికి, బండిని ఇచ్చేద్దామని తల ఊపింది. పాత ఇనుము వాడికి నేనే ఫోన్ చేశాను, తెల్లవారి రమ్మని.

చెంగమ్మ చెప్పింది

తెల్లవారి నేను పోయేసరికి షెడ్డు తలుపుకు తాళం అట్లాగే ఉంది. తీశాను. లోపల రుబ్బురోలు మీద, ముందు చక్రానికి వీపు ఆనించి, చెంగమ్మ కూర్చుని ఉంది.

నేను కేక పెట్టినంత పని చేశాను. ఆమె వెనక, ఇంటి స్నానాల గది వైపున, గోడ రేకు ఒకటి మేకులూడి పక్కకు జరిగి ఉంది. చెంగమ్మ పట్టుమని పిడికెడు మనిషి. రెండు అరచేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని ఉంది. తోలు లేచిపోయి ఎర్రగా ఉన్నాయి. ఆ రోలును దొర్లించడానికి మాకు ఇద్దరు కావాల్సి వచ్చింది.

"నేనే పెట్టినాను అన్నా," అంది. "అంతా నేనే."

"ఎందుకమ్మా? ఆ బండి అంటే అంత భయమేంటి నీకు?"

చెంగమ్మ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "భయమా? నా బిడ్డ కదన్నా వాడు. వాడు పోకుండా ఉండాల్నని పెట్టినాను."

దేవి అప్పుడే వచ్చి వాకిట్లో నిలబడింది. చెంగమ్మ దాని వైపు చూడకుండా నాతోనే చెప్పుకుపోయింది. మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. దారిలో చనిపోయినవాళ్ళు ఆ దారిలోనే నిలిచిపోతారంటారు. అందుకని ఇంటివాళ్ళు ఆ చోటికి పోయి, పేరు పెట్టి పిలిచి, ఇంటికి రా అని చెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటిదాకా నడిచి వస్తారు. గోపి పోయినప్పుడు పెద్దవాళ్ళు పోదామంటే చెంగమ్మ ఒప్పుకోలేదు.

"ఎట్ల ఒప్పుకునేది? బండిని టెంపోలో తెచ్చి దించినారు కదా, అప్పుడే చూసినాను. వచ్చేసినాడు. దీని మీదే కూర్చోని వచ్చినాడు. ఇంగ ఆ రోడ్డుకు పోయి ఎవరిని పిలిచేది? బండి ముక్కు వాకిలి పక్క ఉండాది. వాడికి కాలు నిలవదు, నీకు తెలుసు. మళ్ళా ఎత్తుకోని పోతాడు."

"సీటు తుడిచేది నువ్వేనా?" అని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలియదు.

"నేనా?" అంది. "వాడు కూర్చోని ఉండే తావు నేనెట్ల తుడిచేది?"

బయట వీధిలో పాత ఇనుము వాడి టెంపో హారన్ కొట్టింది. చెంగమ్మ లేచి, చేతులు వెనక్కి పెట్టి చక్రాన్ని పట్టుకుంది.

"దీన్ని ఎత్తిస్తే వాడు యాడ కూర్చుంటాడన్నా?"

దేవి లోపలికి వచ్చింది. గొంతు పెంచలేదు. "అమ్మా, ఈ షెడ్డు లేకపోతే నేను హోసూరు పోవాల."

"పో. నువ్వు పోతే వస్తావు. వాడు పోతే రాడు."

"నేనూ రానమ్మా," అంది దేవి. "అన్నకు ఇన్ని అడ్డం పెట్టినావు. నా సైకిలు కూడా తెచ్చి పెట్టినావు. నేను పోతానంటే ఒక్క రాయి కూడా అడ్డం పెట్టలేదే నువ్వు."

టెంపో వాడు ఇంకోసారి హారన్ కొట్టాడు. నేను బయటికి పోయి, బండీ లేదు గిండీ లేదు పొమ్మని వాణ్ణి తిట్టి పంపించాను. తిరిగి వచ్చేసరికి తల్లీకూతుళ్ళు ఎక్కడున్నవాళ్ళు అక్కడే ఉన్నారు. మధ్యలో బైకు.

నాకు పెద్ద పెద్ద మాటలు రావు. ఓదార్చడం అసలే రాదు. సామాన్లు చూసేవాడిగా నాకు తోచింది ఒక్కటే, అది అడిగేశాను.

"చెంగమ్మా, పానాలకు గోడ ఇచ్చాం. డబ్బాలకు అర ఇచ్చాం. రోలుకు వంటింటి వెనక చోటుంది. ఇల్లు ఇంత దగ్గర పెట్టుకుని, నీ బిడ్డను పాత సామాన్ల మధ్య షెడ్డులో ఎందుకు పెట్టావమ్మా?"

చెంగమ్మ నన్ను చూసింది. తర్వాత గోడను, సిమెంటు మూటలను, తుప్పు పట్టిన మిషనును ఒక్కొక్కటిగా చూసింది, అవన్నీ ఎవరో ఇప్పుడే తెచ్చి పడేసినట్టు. మొహం ముడుచుకుపోయింది. "అయ్యో," అంది. "అయ్యో నాయినా. ఎండలో, ఈ రేకుల కింద."

వంగి రోలును తోయబోయింది. నేను, దేవి చెరో పక్క చేయి వేయబోతే మోచేత్తో నెట్టేసింది. తనే తోసింది. క్రేట్లు తనే లాగింది. సైకిలును లేపి, ఒక్క క్షణం దాని హ్యాండిల్ పట్టుకుని నిలబడి, దేవి చేతికి ఇచ్చింది. ముందు చక్రానికి ఎదురుగా నేల ఖాళీ అయింది.

చెంగమ్మ చెంగుతో మొహం తుడుచుకుని, సీటు పక్కన నిలబడింది. సీటుకు పైన, మనిషి మొహం ఉండే ఎత్తులో చూస్తూ మాట్లాడింది.

"గోపీ, దిగు నాయినా. చెల్లెలికి పని ఉండాది. దిగి ఇంట్లోకి రా."

సీటు లేచింది. మనిషి దిగితే బైకు వెనకభాగం లేస్తుంది చూడండి, మెల్లగా, రెండు వేళ్ళ మందం, అట్లా. ఒక్కసారి కిర్రుమని ఆగింది.

చెంగమ్మ మా మొహాలు చూడలేదు. మళ్ళి, వెనక్కి తిరిగి చూడకుండా, నెమ్మదిగా వాకిలి దాటి ఇంటి వైపు నడిచింది. దేవి మోకాళ్ళ మీద కూర్చుని వెనక షాకబ్జర్లను పట్టి చూసింది. ఒకటి నొక్కింది, గట్టిగా నొక్కింది. తలెత్తింది.

"మామా, ఇవి అన్న పడిన రోజే వంగిపోయి బిగుసుకోని ఉండాయి. ఆయిల్ లేదు దీంట్లో. సీటు లేచేదానికి లేదు."

ఇన్నేళ్ళూ ఏ సామాను గురించి ఎవరడిగినా జవాబు చెప్పినవాణ్ణి. వంగి రెండోదాన్ని నేనే నొక్కి చూశాను, అదీ కదల్లేదు.

చెంగమ్మ ఇంటి గడప దగ్గరికి చేరింది. లోపలికి పోలేదు. పక్కకు ఒదిగి నిలబడి, ముందు ఇంకొకరిని పోనిచ్చేవాళ్ళలా తలుపు రెక్కను చేత్తో పట్టుకుంది. ఆమె గొంతు షెడ్డులో ఉన్న మాకు స్పష్టంగా వినబడింది.

"తల వంచుకో నాయినా. తగిలించుకుంటావు."